స్టీరింగ్ కీచుమంటే బెల్టా, ఆయిలా, పంపా?

పార్కింగ్ నుంచి కారు బయటికి తీస్తూ ఫుల్ కట్ కొట్టగానే బానెట్ కింద నుంచి ‘కీ...చ్’ మని ఒక అరుపు. పక్కన నడుస్తున్నవాళ్లు తల తిప్పి చూస్తారు. స్టీరింగ్ కాస్త వెనక్కి తిప్పితే ఆగిపోతుంది. నాలుగు రోజులు విననట్టే ఉంటాం. ఐదో రోజు షెడ్డుకు తీసుకెళ్తే ఒకాయన బెల్ట్ మార్చమంటాడు, ఇంకొకాయన ఆయిల్ మార్చమంటాడు, మూడో ఆయన బానెట్ ఎత్తకుండానే ‘పంపు పోయింది సార్’ అని తేల్చేస్తాడు.

మూడూ పనికొచ్చే సలహాలే, కాకపోతే ఒకే కారుకి కాదు. చాలామంది వీటిని మెట్లలా చూస్తారు. ముందు తక్కువలో అయ్యేది చేయిద్దాం, తగ్గకపోతే పై మెట్టు ఎక్కుదాం అనుకుంటారు. కొందరు ఈ తలనొప్పి ఎందుకని నేరుగా పై మెట్టు మీదికే వెళ్లిపోతారు. రెండు దారుల్లోనూ డబ్బు వృథానే, ఎందుకంటే ఇవి వేర్వేరు రోగాలకు వేర్వేరు మందులు. బెల్ట్ జారుతుంటే ఎంత మంచి ఆయిల్ పోసినా అరుపు ఆగదు. గొట్టంలోకి గాలి పోతుంటే కొత్త పంపు కూడా పాత పంపులాగే మూలుగుతుంది.

ఆ రెండో మాట నా అనుభవమే. నా పాత కారు స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ‘గుయ్‌య్’ మని మూలిగేది. పెద్దగా ఆలోచించకుండా పంపు మార్పించాను. వారం రోజులు నిశ్శబ్దం. తర్వాత మళ్లీ అదే గుయ్. రెండోసారి వేరే మెకానిక్ దగ్గరికి వెళ్తే ఆయన పంపు వైపు చూడనే లేదు. ఆయిల్ డబ్బా కింద నుంచి పంపుకి వెళ్లే గొట్టాన్ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. అది తేలిగ్గా తిరిగింది. గొట్టం అంచు ఎండిపోయి గట్టిపడింది, క్లిప్పు పట్టు వదిలేసింది. పంపు మార్చినప్పుడు ఆ పాత గొట్టాన్నే మళ్లీ తగిలించారు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఏమిటో ఆ రోజు బిల్లు చూసి తెలిసింది.

మీ కారులో అసలు ఆయిల్ ఉందా?

ముందు ఇది తేలాలి. పవర్ స్టీరింగ్ ప్రధానంగా రెండు రకాలు. పాతది హైడ్రాలిక్. ఇంజిన్ బెల్ట్‌తో తిరిగే పంపు ఆయిల్‌ను ఒత్తిడితో, చక్రాలను పక్కకు తిప్పే కడ్డీ ఉండే స్టీరింగ్ రాక్‌లోకి పంపుతుంది, ఆ ఒత్తిడే మన చేతికి సాయం. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో ఇది మామూలు అమ్మకపు కార్లలోకి వచ్చింది. మెరుగులు ఎన్ని దిద్దినా లోపలి సూత్రం అప్పటిదే. రెండోది ఎలక్ట్రిక్, మోటారు సాయంతో నడిచేది. 1988లో సుజుకి సెర్వో అనే చిన్న కారుతో మొదలై, ఇప్పుడు కొత్త కార్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. దీనికి ఆయిల్ లేదు, పంపు లేదు, స్టీరింగ్ కోసం బెల్ట్ లేదు. ఈ రెండింటికీ మధ్య ఇంకో రకం ఉంది. అందులో ఆయిల్ ఉంటుంది కానీ పంపును ఎలక్ట్రిక్ మోటారు తిప్పుతుంది, బెల్ట్‌తో పని లేదు.

బానెట్ ఎత్తి స్టీరింగ్ బొమ్మ ఉన్న మూత కోసం వెతకండి. ఉంటే ఆయిల్ ఉన్న రకమే. కనిపించకపోతే మాన్యువల్ చూడండి. మీది ఎలక్ట్రిక్ అని తేలితే బెల్ట్, ఆయిల్, పంపు కథంతా వదిలేసి కిందికి వెళ్లండి. ఆయిలే లేని కారుకి ‘స్టీరింగ్ ఆయిల్ మార్చాలి’ అని ఎవరైనా చెబితే, కారు తాళం వెనక్కి తీసుకుని వచ్చేయడమే మంచిది.

చెవికి పని చెప్పండి

మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇంజిన్ ఆపి, స్టీరింగ్ లాక్ పడకుండా తాళం ఆన్‌లో ఉంచి, స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పండి. బరువుగా ఉంటుంది, కానీ కొంతైనా తిరుగుతుంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు కూడా కిర్రుమంటోందా? అయితే బెల్ట్, పంపు, ఆయిల్ మూడూ నిర్దోషులే. అవి అప్పుడు పని చేయడం లేదు కదా. చప్పుడు రబ్బరు తొడుగులోనో, చక్రం దగ్గరి కీలైన బాల్ జాయింట్‌లోనో, షాక్ అబ్సార్బర్ పైన ఉండే మౌంట్‌లోనో ఉంది.

ఇంజిన్ నడుస్తున్నప్పుడే వస్తే, చప్పుడు రకం వినాలి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే, లేదా ఫుల్ కట్ కొట్టినప్పుడు సన్నగా, పదునుగా కీచుమంటే అనుమానం బెల్ట్ మీద. స్టీరింగ్ తిప్పుతున్నంతసేపూ గుయ్‌మని మూలుగుతూ, రేస్ ఇస్తే శృతి పెరుగుతుంటే ఆయిల్ తక్కువైంది, లేదా గాలి చేరింది, లేదా పంపు అరిగింది. పిచ్చుక అరిచినట్టు ‘చిర్ప్ చిర్ప్’ మని లయగా వస్తూ, స్టీరింగ్ తిప్పినా తిప్పకపోయినా మారకపోతే పుల్లీలు (బెల్ట్ చుట్టుకుని తిరిగే చక్రాలు) ఒక వరసలో లేకపోవడమో, ఏదో బేరింగో కారణం. దాన్ని స్టీరింగ్ ఖాతాలో వేయకండి.

పూర్తిగా తిప్పి చివర్లో పట్టుకున్నప్పుడు మాత్రమే ‘బుస్స్’ మంటే అది రోగం కాదు. పంపులో ఒత్తిడి హద్దు దాటకుండా ఒక వాల్వ్ ఉంటుంది, అది తెరుచుకున్న చప్పుడు. చాలా కార్లలో ఆ హద్దు 70 నుంచి 100 బార్ దాకా ఉంటుంది, అంటే టైరులో ఉండే గాలి ఒత్తిడికి ముప్ఫై, నలభై రెట్లు. అంత ఒత్తిడిలో స్టీరింగ్‌ను చివరి వరకూ తిప్పి అలాగే పట్టుకుని కూర్చుంటే ఆయిల్ కాగిపోతుంది. నాలుగైదు సెకన్లకు మించి పట్టుకోకండి. ఇంకోటి, నున్నటి పార్కింగ్ ఫ్లోర్ మీద వచ్చే కీచు చాలాసార్లు టైర్లది. అదే కారును మామూలు రోడ్డు మీద తిప్పి వినకుండా ఎవరి మాటా నమ్మొద్దు.

బెల్ట్ అయితే: స్ప్రేనా, బిగింపా, కొత్తదా?

బెల్ట్‌కి నాకు నచ్చే పరీక్ష నీళ్ల సీసా. ఇంజిన్ నడుస్తుండగా, చప్పుడు వస్తున్నప్పుడు, బెల్ట్‌కి గాడులున్న వైపు కొద్దిగా నీళ్లు చల్లండి. సీసాను దూరంగా పట్టుకోండి. వదులు చేతుల చొక్కాలు, చున్నీలు, విరబోసిన జుట్టు దగ్గరికి రాకూడదు. చప్పుడు ఇంకా పెరిగితే బెల్ట్ జారుతోంది, బిగింపు చాలడం లేదు. కాసేపు ఆగి మళ్లీ మొదలైతే పుల్లీ వంకరగా ఉంది, లేదా గాడులు అరిగిపోయాయి. ఏ మార్పూ లేకపోతే బెల్ట్‌ను వదిలేసి బేరింగ్‌లు, పంపు చూడండి.

ఇక మందుల సంగతి. బెల్ట్ మీద కొట్టే స్ప్రేలు దొరుకుతాయి. కొట్టగానే అరుపు ఆగుతుంది, అందుకే అమ్ముడుపోతాయి. ఆ జిగురుకి దుమ్ము పడుతుంది, దుమ్ము గాడుల్లో పేరుకుంటుంది, కొన్నాళ్లకు అరుపు మొదటికి వస్తుంది. బెల్ట్ తయారుచేసే కంపెనీలే వీటిని వద్దంటాయి. నేనైతే అత్యవసరానికి కూడా వాడను, ఎందుకంటే తర్వాత పరీక్ష చేద్దామన్నా ఆ జిగురు వల్ల ఏదీ సరిగ్గా తేలదు.

బిగించడం అనేది మీ కారులో బోల్టుతో సర్దుకునే ఏర్పాటు ఉంటేనే కుదురుతుంది. పాత కార్లలో పంపుకో, బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌కో పొడవాటి గాడి, అందులో ఒక బోల్టు ఉంటుంది. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే బెల్ట్ దాదాపు 10 మిల్లీమీటర్లు లోపలికి పోవాలన్నది వాడుకలో ఉన్న లెక్క. మీ కారు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పట్టుకోండి. బెల్ట్ ఆరోగ్యంగా ఉండి వదులు మాత్రమే అయితే, పది నిమిషాల్లో అయిపోయే మంచి పని ఇది. కాకపోతే అరుపు పోవాలన్న కసితో తీగలా బిగించేస్తే పంపు బేరింగ్, ఆల్టర్నేటర్ బేరింగ్ తొందరగా పోతాయి. కీచు పోయి గరగర మొదలవుతుంది.

అన్ని యంత్రాలనూ ఒకే బెల్ట్ తిప్పే కార్లలో బిగింపును స్ప్రింగ్ ఉన్న టెన్షనర్ చూసుకుంటుంది. ఇక్కడ అసలు పోలిక కొత్త బెల్ట్ ఒక్కటే వేయాలా, బెల్ట్‌తో పాటు టెన్షనర్ కూడా మార్చాలా అన్నది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు టెన్షనర్ చేతిని చూడండి. కొద్దిగా కదలడం మామూలే. గజగజ ఊగుతుంటే, లేదా తుప్పు పట్టి అసలు కదలకుండా బిగుసుకుపోతే, బెల్ట్ ఒక్కటే మార్చడం వల్ల లాభం లేదు. కొత్త బెల్ట్ నాలుగు రోజులు నోరు మూసుకుని ఐదో రోజు అరుస్తుంది. బెల్ట్ తీసినప్పుడే ప్రతి పుల్లీనీ చేత్తో తిప్పి చూడమనండి. ఇసుక పోసినట్టు గరగరగా తిరిగితే దాని బేరింగ్ అయిపోయినట్టే. ఎటూ విప్పారు కాబట్టి అప్పుడే మార్చడం నయం.

పగుళ్లు లేవు కాబట్టి బెల్ట్ బాగుందనే మాట పాత నియోప్రీన్ రబ్బరు రోజులది. ఇప్పటి బెల్ట్‌లు చాలావరకు ఈపీడీఎం అనే రబ్బరుతో వస్తున్నాయి. ఇవి పగలవు, టైరులాగా అరుగుతాయి. గాడి లోతు పెరిగి, పుల్లీ అంచు గాడి అడుగున ఆనుతుంది, పట్టు జారుతుంది. చూడ్డానికి కొత్తదానిలాగే ఉండి అరిచే బెల్ట్ ఇదే. గాడిలో పెట్టి చూసే చిన్న ప్లాస్టిక్ కొలత ఉంటుంది, మెకానిక్ దగ్గర ఉంటే పెట్టి చూపించమనండి. బెల్ట్ మీద ఆయిల్ తడి కనిపిస్తే మాత్రం ముందు లీకు ఆపాలి, పుల్లీ గాడులు శుభ్రం చేయాలి, ఆ తర్వాతే కొత్త బెల్ట్.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. అదే బెల్ట్ ఆల్టర్నేటర్‌నీ తిప్పుతుంది. రాత్రంతా ఆగిన కారు స్టార్ట్ చేయగానే బ్యాటరీని నింపడానికి ఆల్టర్నేటర్ మీద భారం ఎక్కువ పడుతుంది, బలహీనమైన బెల్ట్ అప్పుడూ అరుస్తుంది. స్టీరింగ్ ముట్టుకోకుండా హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటరు, ఏసీ అన్నీ ఒకేసారి వేసి చూడండి. అప్పుడూ కీచుమంటే స్టీరింగ్ పంపు మీద నింద వేయనక్కర్లేదు.

ఆయిల్ అయితే: నింపడమా, సిరంజీనా, పూర్తి మార్పా?

మూలుగు వినిపిస్తే పంపు మాట ఎత్తే ముందు డబ్బా మూత తీయండి. లోపల ఆయిల్ గుర్తుల మధ్య ఉందా? వేడిగా ఉన్నప్పటికి ఒక గీత, చల్లగా ఉన్నప్పటికి ఒక గీత ఉండొచ్చు, ఏది చూస్తున్నారో గమనించండి. ఆయిల్ మీద నురగ ఉందా? స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా బుడగలతో తెల్లబారి ఉందా? నురగ కనిపించిందంటే ఎక్కడో గాలి లోపలికి పోతోంది, పంపు ఆయిల్‌కి బదులు గాలిని నములుతోంది. ఆ చప్పుడే మూలుగు.

కనీసపు గీత కన్నా తక్కువ ఉంటే నింపండి, కానీ నింపి మరిచిపోకండి. ఇంజిన్ ఆయిల్‌లా ఇది వాడకంలో ఖర్చయ్యే సరుకు కాదు. తగ్గిందంటే కారింది. నింపిన రోజు గీత దగ్గర ఫోటో తీసి పెట్టుకోండి. వారంలోనే తగ్గితే లీకు వెతికి తీరాలి. ఏడాదికి వేలెడు తగ్గే పాత కారైతే, అప్పుడప్పుడూ కాస్త పోసుకుంటూ నడపడం నా దృష్టిలో తప్పేం కాదు. లీకు వెతకాలంటే పంపు షాఫ్ట్ దగ్గర, ఎక్కువ ఒత్తిడి గొట్టం ఇనుముతో కలిసే చోట, రాక్‌కి రెండు చివర్లా ఉండే ముడతల రబ్బరు తొడుగుల్లో చూడాలి. ఆ తొడుగును కింద నుంచి మెల్లగా పిసికితే లోపల ఆయిల్ గుళగుళమనడం చేతికే తెలుస్తుంది. అలా తెలిస్తే రాక్ సీలు పోయినట్టు. అది పెద్ద పనే.

లీకేమీ లేదు, గీత కూడా సరిగ్గానే ఉంది, అయినా నురగ! ఇది చాలామందిని తికమక పెట్టే కేసు, నన్నూ పెట్టింది. డబ్బా నుంచి పంపుకి వెళ్లే వైపు ఒత్తిడి ఉండదు, పీల్పు ఉంటుంది. అక్కడ ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీలు) గట్టిపడినా, క్లిప్పు వదులైనా ఆయిల్ బయటికి కారకుండానే గాలి లోపలికి పోతుంది. కింద ఒక్క చుక్క కనిపించదు. గొట్టం, క్లిప్పు, ఓ-రింగ్ మార్చడం పంపు మార్పుతో పోలిస్తే చాలా చిన్న ఖర్చు. పంపుకి ముందు ఇది చేయించండి. డబ్బా అడుగున సన్నని జల్లెడ ఉండే కార్లు కూడా ఉన్నాయి. అది మడ్డితో మూసుకుపోతే పంపుకి ఆయిల్ అందక అచ్చం ఇలాగే మూలుగుతుంది. జల్లెడ విడిగా రాకపోతే డబ్బా మొత్తం మార్చాలి.

ఆయిల్ నల్లబడి, మాడు వాసన వస్తుంటే మార్చాలి. దానికి రెండు పద్ధతులు. ఒకటి పెద్ద సిరంజీతో డబ్బాలో ఉన్నది లాగేసి కొత్తది పోసి, కొన్నాళ్లు నడిపి, మళ్లీ అదే పని చేయడం. మొత్తం ఆయిల్‌లో మూడో వంతు డబ్బాలో ఉంటుందనుకుంటే, ఒకసారికి మూడింట రెండు వంతులు పాతదే మిగులుతుంది. నాలుగుసార్లు చేస్తే పాతది 20 శాతానికి దిగుతుంది. చేతులు పెద్దగా మురికి కావు, గాలి చేరే ప్రమాదం తక్కువ, గొట్టం విప్పే పని లేదు. ఇంట్లో చేసుకునేవారికి నేను చెప్పేది ఇదే. రెండోది వెనక్కి వచ్చే గొట్టం విప్పి పాతదంతా బయటికి పంపడం. ఆయిల్ మరీ చెడిపోయినా, తప్పు ఆయిల్ కలిసినా, పంపు మార్చినా ఇదే చేయాలి. సగం సగం పనులు అప్పుడు పనికిరావు.

ఏ ఆయిల్ అన్నది మాత్రం ఊహించకూడదు. కొన్ని కార్లకు డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోయాలి, కొన్నింటికి కంపెనీ సొంత ఆయిల్, చాలా జర్మన్ కార్లకు పెంటోసిన్ సీహెచ్‌ఎఫ్ 11ఎస్ లాంటి ఆకుపచ్చ ఆయిల్. ఒకదాని బదులు ఇంకోటి పోస్తే సీళ్లు దెబ్బతింటాయి. రంగు చూసి నిర్ణయించకండి, మూత మీదో మాన్యువల్‌లోనో పేరు రాసి ఉంటుంది. పొరపాటున బ్రేక్ ఆయిల్ పోస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకండి, అలాగే ఉంచి డబ్బా ఖాళీ చేయించండి. డాట్ 3, డాట్ 4 అనే బ్రేక్ ద్రవాలు స్టీరింగ్ సీళ్లకు పడవు.

లీకు ఆపుతాయని అమ్మే మందులు సీలు రబ్బరును కాస్త ఉబ్బించి మెత్తబరుస్తాయి. ఎండిపోయిన పాత సీలు నుంచి చెమర్చినట్టు కారే ఆయిల్‌కి కొన్ని నెలలు పనిచేయొచ్చు. ఇవాళో రేపో రాక్ మార్చక తప్పదని తెలిసిన పాత కారుకి వాయిదా కోసం వాడుకోవచ్చు. పగిలిన గొట్టానికి, అరిగిన పంపుకి ఇవి చేసేది ఏమీ లేదు.

గొట్టం విప్పిన ప్రతిసారీ గాలి తీయాలి. తొందరపడి ఇక్కడే పాడుచేస్తారు. ముందు చక్రాలు రెండూ నేల నుంచి లేపి, జాకీ మీద ఆధారపడకుండా స్టాండ్లు పెట్టి, ఇంజిన్ ఆపే ఉంచి స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా ఇరవైసార్లు తిప్పాలి. మధ్య మధ్యలో డబ్బాలో గీత చూస్తూ పోయాలి. బుడగలు ఆగాక ఇంజిన్ స్టార్ట్ చేసి మళ్లీ తిప్పాలి. నురగ వస్తే ఇంజిన్ ఆపి గంట సేపు వదిలేయండి. పంపు మార్చి గాలి సరిగ్గా తీయకుండా పంపేసి, ‘కొత్త పంపు కదా, సెట్ అవుతుంది సార్’ అనే మాట వింటే ఒప్పుకోకండి. అరుగుతూ సెట్ అవుతుంది.

పంపే అని తేలితే

గీత సరిగ్గా ఉంది, నురగ లేదు, పీల్చే వైపు గొట్టం కొత్తది, గాలి తీశారు. అయినా మూలుగుతోంది, నెమ్మదిగా తిప్పినప్పుడు స్టీరింగ్ బరువెక్కుతోంది. అప్పుడు పంపు. కొంచెం ఆయిల్ తెల్ల కాగితం మీద వేసి ఎండలో చూడండి. మెరుపు పొడిలా తళతళలాడితే లోపలి రేకులు అరుగుతున్నాయి.

పంపు షాఫ్ట్ దగ్గర కారుతూ, చప్పుడు మాత్రం లేకపోతే సీళ్ల కిట్ వేయించడం చాలు. చప్పుడు కూడా ఉంటే సీళ్లు మార్చి లాభం లేదు, అరిగిన లోహం అలాగే ఉంటుంది. పాత కార్ల నుంచి విప్పిన సెకండ్ హ్యాండ్ పంపు చవకే, కానీ పనికూలి మాత్రం కొత్తదానికైనా పాతదానికైనా ఒకటే. మూడు నెలల్లో అది పోతే కూలి రెండుసార్లు ఇచ్చినట్టు. కొత్తది దొరకని అరుదైన కారుకి తప్ప నేను దాన్ని ఎంచుకోను. బాగుచేసి వారంటీతో అమ్మే పంపు మధ్యేమార్గం, వారంటీ కాగితం మీద ఉంటేనే. కారును ఇంకా చాలా ఏళ్లు ఉంచుకునేవారికి కొత్తదే మేలు. ఏది వేసినా ఆయిల్ పూర్తిగా మార్చాలి, డబ్బా శుభ్రం చేయాలి లేదా మార్చాలి. పాత పంపు వదిలిన లోహపు పొడి ఉన్న ఆయిల్‌లోనే కొత్త పంపు నడిస్తే దానికీ అదే గతి. పుల్లీని సుత్తితో కొట్టి ఎక్కించడం చూస్తే ఆపేయండి. ఎక్కించడానికి వేరే పనిముట్టు ఉంటుంది, సుత్తి దెబ్బ నేరుగా పంపు లోపలికి వెళ్తుంది.

ఇంజిన్ ఆపినా కిర్రుమంటే, ఎలక్ట్రిక్ అయితే

బెలూన్ మీద వేలు రుద్దినట్టు చప్పుడు మీ కాళ్ల దగ్గర నుంచి వస్తే, స్టీరింగ్ రాడ్డు కారు ముందు గోడను దాటే చోట ఉన్న రబ్బరు తొడుగు ఎండిపోయింది. కొంచెం సిలికాన్ గ్రీజు చాలు. డబ్ల్యూడీ-40 లాంటివి రబ్బరు మీద కొట్టకండి, రబ్బరుకు సరిపడేది సిలికాన్. స్టీరింగ్ చక్రం లోపల నుంచి కాగితం రాసుకున్నట్టు చప్పుడు వస్తే అది ఎయిర్‌బ్యాగ్ తీగలుండే చుట్ట. దాన్ని ఇంట్లో విప్పొద్దు, ఎయిర్‌బ్యాగ్‌తో ఆటలు వద్దు.

ముందు టైరు పైనుంచి తీగ మీటినట్టు ‘టంగ్’ మంటే, ఇంకొకరిని స్టీరింగ్ తిప్పమని షాక్ అబ్సార్బర్ స్ప్రింగ్ మీద బయటి వైపు అరచేయి ఆనించండి, వేళ్లు చుట్ల మధ్య పెట్టకుండా. స్ప్రింగ్ ఆగి ఆగి జర్క్‌తో తిరుగుతుంటే పైన ఉన్న మౌంట్ బేరింగ్ బిగుసుకుంది. అది గ్రీజుతో బాగుపడదు, మార్చాలి, తర్వాత అలైన్‌మెంట్ చేయించాలి. రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ చివరి కీలు), బాల్ జాయింట్ కిర్రుమంటే గ్రీజు ఎక్కించి కొన్నాళ్లు నెట్టుకు రావచ్చు. కానీ చక్రాన్ని పట్టుకుని ఊపినప్పుడు వదులుగా కదిలితే గ్రీజు ఆలోచన మానేసి మార్చండి. అది ఊడితే చక్రం మన మాట వినదు.

ఎలక్ట్రిక్ స్టీరింగ్‌లో పైన చెప్పిన రబ్బరు తొడుగు, చుట్ట, మౌంట్, జాయింట్‌లకు తోడు మోటారు దగ్గర చిన్న రబ్బరు కప్లింగ్ ఉండే కార్లున్నాయి. అది అరిగితే తిప్పేటప్పుడు ‘టక్ టక్’ మంటుంది. మొత్తం స్టీరింగ్ కాలమ్ మార్చాలని చెబితే, ఆ కప్లింగ్ విడిగా దొరుకుతుందేమో ఒకసారి అడగండి.

ఏ రిపేరు వాయిదా వేయొచ్చు, ఏది వేయకూడదు

రబ్బరు తొడుగు కిర్రును ఎన్నాళ్లయినా వాయిదా వేయొచ్చు. నురగ, మూలుగు వారం పది రోజుల్లో చూపించాలి, ఎందుకంటే గాలి నమిలే పంపు నిజంగానే అరిగిపోతుంది. నేను ఆలస్యం చేసి ఉంటే నా కొత్త పంపు కూడా పోయేది. బెల్ట్‌ను తక్కువ అంచనా వేయకండి. చాలా కార్లలో అదే బెల్ట్ నీళ్ల పంపునూ తిప్పుతుంది. తెగితే స్టీరింగ్ బరువెక్కడం, బ్యాటరీ లైటు వెలగడం, ఇంజిన్ వేడెక్కడం వరసగా జరుగుతాయి. ఒత్తిడి గొట్టం నుంచి ఆయిల్ చిమ్ముతుంటే కారు తీయనే వద్దు, వేడి ఎగ్జాస్ట్ మీద పడితే అంటుకోవచ్చు.

బెల్ట్ పరీక్ష, ఆయిల్ గీత, సిరంజీ మార్పు ఇంట్లో చేసుకోవచ్చు. పంపు, రాక్, మౌంట్ షెడ్డు పనులు. అక్కడికి వెళ్లినప్పుడు ‘స్టీరింగ్ సౌండ్ వస్తోంది’ అని మాత్రం చెప్పకండి. ‘పొద్దున చల్లటి ఇంజిన్ మీద, కుడివైపు ఫుల్ కట్‌లో, రెండు సెకన్లు కీచుమంటోంది, నీళ్లు చల్లితే పెరిగింది, ఇంజిన్ ఆపితే లేదు’ అని చెప్పండి. ఇంకా ‘పంపు పోయింది’ అనే అంటే, ఎలా తెలిసిందో అడగండి. మార్చిన పాత సామాను డిక్కీలో పెట్టమనండి.